ఏడో స్టేజీ

ఆదివారం తొమ్మిదింటికే కూతురు టీవీ వెనక దూరింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక తల్లికి ఇంట్లో పొద్దు పోవడం లేదని, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి కిందటి నెలే తెచ్చి టీవీకి తగిలించింది. సినిమాలూ పాటలూ ఇప్పుడు దాంట్లోంచే వస్తున్నాయి. ఇవాళ దానిమీద పాత వీడియో గేములు కూడా నడిపించాలని ఆమె పట్టుదల. ఆఫీసుల్లో ప్రింటర్లు బాగుచేసే మనిషి. మొండి యంత్రం ఎదురైతే వదిలిపెట్టదు.

పని అంత తేలిగ్గా తెమల్లేదు. పాత గేమ్ మెషీన్‌లా పనిచేసే ఎమ్యులేటర్ ప్రోగ్రాం మొదలవుతూనే తెర నల్లబడింది. సెట్టింగు మారిస్తే బొమ్మ వచ్చింది గానీ శబ్దానికి నత్తి పట్టుకుంది. శబ్దం కుదిరేసరికి, కంట్రోలర్‌లో ఎడమ మీట నొక్కితే బొమ్మ కుడికి పరిగెత్తింది.

"వదిలెయ్యవే. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు," అంది తల్లి కుర్చీలోంచి.

"పది నిమిషాలమ్మా. గనిలో నిచ్చెనలెక్కే ముసలాయన గేము మనింట్లో ఉండేది చూడు, అదే ఇది."

తల్లి తెరవైపు ఒంగి చూసింది.

మీటలు సరిచేశాక ముసలాయన దారికొచ్చాడు. కూతురు నేలమీద బాసింపట్టు వేసుకుని ఆరు స్టేజీలు దాటేసింది. పన్నెండేళ్లప్పుడు ఆరో స్టేజీ దాటేలోగానే ఆ గేమ్ మెషీన్ ఇంట్లోంచి మాయమైంది. ఇప్పుడు ఏడో దాంట్లో ఎటు చూసినా గోడలే.

"ఎడమ గోడని రెండుసార్లు గుద్దు. తలుపు తెరుచుకుంటుంది," అంది తల్లి.

గుద్దింది. తెరుచుకుంది.

కూతురు కంట్రోలర్ కింద పెట్టింది.

"నీకెలా తెలుసు?"

"ఏదో నోటికొచ్చింది అన్నాను."

"అమ్మా, నేనే ఏడో స్టేజీ చూడలేదు. నువ్వు ఆ మెషీన్ ముట్టుకోగా నేనెప్పుడూ ఎరగను."

తల్లి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పరీక్షలు నెత్తిమీదున్నాయి, నువ్వు పుస్తకం తెరవడం లేదు. నా బీరువాలో దాచాను. పరీక్షలయ్యాక ఇచ్చేద్దామనే."

"మరి ఆడిందెప్పుడు?"

"టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో నైట్ డ్యూటీ చేసొస్తే పగలు నిద్ర పట్టేది కాదు. మీరంతా వెళ్లిపోయాక ఓసారి తీసి చూశాను. అలవాటైపోయింది."

వేరే ఎవరి కథో అయితే కూతురు నవ్వేదే. కానీ ఆమెకు పిన్ని కూతురు గుర్తొచ్చింది. తనకన్నా రెండేళ్లు చిన్నది. సెలవులన్నీ ఈ ఇంట్లోనే, ఒకే దుప్పట్లో. మెషీన్ కనబడని రోజు ఇంటికొచ్చింది ఆ పిల్ల ఒక్కతే. "నువ్వే తీశావు" అంటూ తను వీధిలో అందరి ముందూ దాని సంచీ దులిపింది. ఆ పిల్ల మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు.

"నేను సంచీ దులుపుతుంటే నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదమ్మా."

"ఉన్నాను."

"అది నీ వంకే చూస్తూ ఏడ్చింది."

"మర్నాడు చెబుదామనుకున్నాను. ఈలోగా మీ నాన్నా మీ బాబాయీ మాటా మాటా అనుకున్నారు. అప్పుడు చెబితే తల ఎక్కడ పెట్టుకోను? రోజులు గడిచేకొద్దీ నోరు పెగల్లేదు."

"నీ పరువు నిలబెట్టుకోవడానికి నాచేత దాన్ని దొంగని చేయించావు. ఇరవై రెండేళ్లు దాన్ని అసహ్యించుకున్నాను. దాని పెళ్లికి కూడా వెళ్లలేదు. ఇంకెవరో నమ్మిస్తే సరే అనుకునేదాన్ని. నువ్వమ్మా."

ఆమె గొంతు పెంచలేదు. వైర్లు చుట్టకుండానే స్క్రూడ్రైవర్లు సంచీలో వేసుకుని లేచింది.

"ఆగు," అంది తల్లి. "దానికి నేను ఫోన్ చేస్తాను. నా నోటితోనే చెబుతాను. నువ్వు విను."

చెల్లెలు ఎప్పుడో ఇచ్చిన నంబరు వెతికి, స్పీకర్ పెట్టింది. చెప్పడం మొదలెట్టాక ఏదీ దాచలేదు. బీరువా సంగతి, గుమ్మంలో నిలబడిన సంగతి, పగటిపూట ఆటల సంగతి కూడా.

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది.

"నేను తియ్యలేదని నాకు తెలుసు కదా పెద్దమ్మా. ఒక్కళ్లైనా నమ్మితే బావుండేది, అంతే," అంది పిన్ని కూతురు. "అక్క ఉందా అక్కడ?"

కూతురు ఫోను అందుకుని ముక్కు ఎగబీల్చింది.

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"అబద్ధాలాడకు. వచ్చే ఆదివారం మా ఇంటికి రా. నేనా ఇంటికి ఇప్పుడప్పుడే రాలేను."

"వస్తాను." కూతురు తల్లి వైపు చూడకుండానే అడిగింది. "అమ్మని తీసుకురానా?"

"ముందు ఇదంతా మా అమ్మకి చెప్పమను. ఆ తర్వాత తీసుకురా."

తల్లి తలూపింది. అవతల కనబడదని గుర్తొచ్చి, "చెబుతానమ్మా," అంది.