టీ అంటే టీ కాదట

మైకు కీచుమంది. మామూలుగా కాదు, చెవిలో సూది దింపినట్టు.

హాల్లో కూర్చున్న నలభై మందీ చెవులు మూసుకుని, మరుక్షణంలో నవ్వేశారు. వేదిక మీదున్న ఆమె మాత్రం నవ్వలేదు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, బల్ల కిందికి దూరి కూర్చుంది.

ఆ నలభై మందీ ఆటిజం ఉన్న పిల్లలకు చదువు చెప్పడానికి శిక్షణ పొందుతున్న కాబోయే టీచర్లు. ఇది కూడా పాఠంలో భాగమే కాబోలనుకుని కొందరు నోట్సు రాసుకోసాగారు.

ఆమెకు ఆటిజం ఉందన్న సంగతి ఇరవై ఆరో ఏట గాని తెలియలేదు. డాక్టరు మూడు రోజులు పరీక్షలు చేసి ఆ మాట చెప్పినప్పుడు అక్క కళ్ళు తుడుచుకుంది. ఆమెకు మాత్రం నెత్తి మీది బరువు దిగినట్టయింది. తను మొండిదీ కాదు, పొగరుబోతూ కాదు. లోకం తనకు కాస్త ఎక్కువ చప్పుడుగా వినిపిస్తుంది, అంతే.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆమె ఉద్యోగం. ఆమె కంట పడకుండా తప్పించుకున్న అచ్చుతప్పు లేదు కాబట్టి అక్కడ అందరూ ఆమెను ఎర్రపెన్ను అంటారు. శిక్షణ కళాశాల ప్రిన్సిపాలుగారు పుస్తకాల పని మీద వచ్చి, ఆమె కథ విని, ప్రతి గురువారం మధ్యాహ్నం వచ్చి మా వాళ్ళకు మీ అనుభవాలు చెప్పమని అడిగారు. అది మొదటి గురువారం.

హాలు చివర గాజు గదిలోంచి ఒకతను పరుగున వచ్చాడు. మైకులూ స్పీకర్లూ చూసుకునేది అతనే. కళాశాలలో అందరికీ అతను మైకు మాస్టారు. ఆమెను ముట్టుకోలేదు, ఏమైందని అడగలేదు. వైర్లు పీకేసి, ఫ్యాన్లు ఆపేసి, అందరినీ కాసేపు బయటికి పంపి, బల్లకు పది అడుగుల దూరంలో నేల మీద చతికిలబడ్డాడు.

పావుగంట తర్వాత బల్ల కింద నుంచి గొంతు వినిపించింది.

"ఆ కీచు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నా నిర్లక్ష్యం వల్లండీ."

"అది ఎందుకు వచ్చిందో చెప్పారు. నేను ఎక్కణ్ణుంచని అడిగాను."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "స్పీకరుకు ఎదురుగా మైకు పెట్టాను. దాని చప్పుడు దానికే వినబడి అరిచింది."

ఆమె బల్ల కింద నుంచి బయటికి వచ్చింది. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పే మనుషులంటే ఆమెకు మహా ఇష్టం.

తర్వాతి గురువారం బల్ల మీద ఒక చీటీ ఉంది. మూడో వరసలో ఒక కుర్చీ కిర్రుమంటుందనీ, మూడింటికి పక్క క్లాసు గంట కొడతారనీ, వాన వస్తే పైన రేకుల మీద మోత మోగిపోతుందనీ అతను రాసి పెట్టాడు. ఏ చప్పుడు ఎప్పుడు వస్తుందో ముందే తెలిస్తే ఆమెకు సగం భయం పోతుంది. ఆ రోజు కాబోయే టీచర్లకు అదే చెప్పింది. చిన్నప్పుడు బళ్ళో కళ్ళలోకి చూసి జవాబు చెప్పమని గద్దించేవారట. కళ్ళు చూస్తే మాటలు వినబడేవి కావు, మాటలు వినాలంటే గోడ చూడాల్సి వచ్చేది. మీ క్లాసులో ఏ పాపైనా గోడ చూస్తుంటే, అది వింటోందనుకోండి అంది.

వెళ్ళేముందు ఆ చీటీలోని రెండు తప్పులు ఎర్రగా దిద్ది, గాజు గది కిటికీలో పెట్టింది.

పై వారం చీటీలో నాలుగు తప్పులు. ఆ పై వారం తొమ్మిది. మొన్న సరిగ్గా రాసిన మాటే ఇవాళ తప్పు. ఆమెకు దిగులు పట్టుకుంది. మీ చూపు దెబ్బతింటున్నట్టుందని చెప్పి, ఒక కంటి డాక్టరు చిరునామా రాసిచ్చింది. అతను అది చదివి, వైర్ల చుట్ట వెతుక్కుంటున్నట్టు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఎనిమిదో గురువారం ఆమె సంచీ సర్దుకుంటుంటే అతను వచ్చి నిలబడ్డాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"బయట ఎక్కడైనా టీ తాగుదామా?"

"నేను టీ తాగను," అంది ఆమె, ఉన్నమాట. తన బస్సు అందుకోవడానికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో గురువారం చీటీలో ఒక్క తప్పూ లేదు. సంతోషించాల్సింది పోయి, ఆమె దాన్ని మూడుసార్లు వెతికింది. గాజు గది కిటికీ మూసి ఉంది. మర్నాడు ప్రెస్సులో ఒకే పేజీ ముందు గంటసేపు కూర్చుండిపోయింది.

సాయంత్రం ఇంట్లో అక్కతో జరిగిందంతా చెప్పింది. బట్టలు మడతపెడుతున్న అక్క చేతులు ఆగిపోయాయి.

"టీ అంటే టీ కాదే, చిన్నీ."

"మరి టీని ఏమంటారు?"

అక్క తల పట్టుకుంది. బావ పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడాలని అతని ఆశ అనీ, టీ ఒట్టి వంక అనీ అక్క ఓపిగ్గా వివరించింది. ఆమెకు ముందు ఒళ్ళు మండింది. మనసులో ఒకటి, నోట్లో ఇంకొకటి అయితే తనలాంటివాళ్ళు ఏమైపోవాలి? తర్వాత భయం వేసింది. అది నిజంగా ఇష్టమేనా, లేక జాలా? అది అతన్నే అడగాలి అంది అక్క.

పదో గురువారం ముందు వరసలోంచి ఒకమ్మాయి లేచి నీళ్ళు నమిలింది.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. ఆటిజం ఉన్నవాళ్ళకి ప్రేమ తెలుస్తుందా? ఎదుటివాళ్ళ మనసు పట్టుకోలేరని మా పుస్తకంలో ఉంది."

హాలంతా గతుక్కుమంది. ఆమె మాత్రం గోడ వైపు తిరిగి, మైకు దగ్గరికి లాక్కుంది.

"ఆ పుస్తకం ప్రూఫు నేనే చూశాను. అక్షరాలు దిద్దాను గాని, ఆ వాక్యం దిద్దే అధికారం నాకు లేదు. అది సగమే నిజం. ఈమధ్య పరిశోధకులు ఇంకో మాట కూడా అంటున్నారు. మా మనసు పట్టుకోవడం మీకూ అంతే కష్టమట. ఒకాయన నన్ను టీ తాగుదామా అని అడిగారు. నేను టీ తాగను, అదే చెప్పాను. ఆయన అడిగింది టీ గురించి కాదని నాకు తెలియలేదు. నేను చెప్పింది టీ గురించేనని ఆయనకూ తెలియలేదు."

నవ్వులు వినిపించాయి. ఆ అమ్మాయికి ధైర్యం వచ్చింది. ఆయన నేరుగా అడిగి ఉంటే ఏమనేవారు అంది.

"వస్తాననేదాన్ని. ఆయన రాసే చీటీ కోసం బుధవారం నుంచే ఎదురుచూస్తాను. ప్రేమ మాకు తెలుస్తుంది. డొంకతిరుగుడుగా చెబితేనే తెలియదు."

చీటీలు ఎవరివో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. నలభై తలలూ ఒక్కసారిగా గాజు గది వైపు తిరిగాయి. అతని చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయని ఆమెకు తెలుసు. వింటాడనే చెప్పింది. మిగతావాళ్ళకూ అర్థమైపోతుందని మాత్రం ఆమెకు తోచలేదు.

ప్రిన్సిపాలుగారు క్లాసు అయిపోయిందని ప్రకటించి, అందరినీ బయటికి తోలుకుపోయారు. అతను వచ్చి, పది అడుగుల దూరంలో ఆగాడు.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"జాలితోనా?"

"జాలే అయితే తప్పుల్లేకుండా రాసేవాణ్ణి. మీకు పని తగ్గేది."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "అవన్నీ కావాలని రాశారా?"

"మొదటి రెండూ తప్ప. ఆ మాటలు సరిగ్గా రాయడం నాకు నిజంగానే రాదు."

"మరి కంటి డాక్టరు?"

"వెళ్ళానండీ. మీరు చెప్పారు కదా. చూపు బాగానే ఉందన్నాడు."

ఆమె నవ్వింది. అంత పెద్దగా నవ్వగలదని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి నాతో నడవడానికి వస్తారా అన్నాడు. ఎంతసేపని ఆమె అడిగింది. గంటన్నాడు. వస్తానంది.

ఆదివారం సన్నగా వాన మొదలైంది. గొడుగు మీద చినుకుల దరువు భరించలేననీ, అంతకంటే తడవడం నయమనీ ఆమె చెప్పగానే అతను గొడుగు మూసేశాడు. వీధి చివర, చెయ్యి పట్టుకోవచ్చా అని నేరుగానే అడిగాడు.

"మెల్లగా తాకితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది," అంది ఆమె. "గట్టిగా పట్టుకుంటే బాగుంటుంది."

అతను గట్టిగానే పట్టుకున్నాడు.

చేతిలో మూసిన గొడుగుతో, నెత్తి మీంచి నీళ్ళు కారుతుండగా వచ్చిన ఇద్దరినీ గుమ్మంలో చూసి అక్క నోరెళ్ళబెట్టింది.

"అక్కా, ఈయనంటే నాకు ఇష్టం. ఈయనకీ నేనంటే ఇష్టం. అడిగి కనుక్కున్నాను."

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. లోపలికెళ్ళి రెండు తువ్వాళ్ళు తెచ్చి, ముందు అతని చేతికే ఇచ్చింది. బావ పేపరు మడిచి పక్కన పెట్టి, అతనికి కుర్చీ జరిపాడు.

"ఎటూ అడిగావు కదా," అంది అక్క నవ్వాపుకుంటూ, "పెళ్ళెప్పుడో కూడా అడగలేకపోయావా?"

అతనికి పొలమారింది. ఆమె తల తుడుచుకుంటూ తాపీగా జవాబు చెప్పింది.

"ఇవాళ గంటే నడిచాం. అది వచ్చే ఆదివారానికి ఉంచాను."