నిలవని అద్దం

"ఈ చెయ్యి ఇంక నాది కాదు బిడ్డా... సచ్చింది!"

ఒళ్లో పడివున్న కుడిచేతిని ఎడమచేత్తో పక్కకు నెట్టి తుల్సీబాయి భోరుమంది. పక్షవాతం వచ్చి రెండు నెలలు. తండాలో పెళ్లికూతుళ్ల రవికలన్నిటికీ అద్దాలు కుట్టిన చెయ్యి అది! కూతురు జమున హైదరాబాదులో, మెదడు పంపే సంకేతాలను పట్టే యంత్రాల మీద పరిశోధన చేస్తోంది. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోతే, దొరికిన బండెక్కి దంతాలపల్లి దాకా వచ్చి, అక్కడి నుంచి నడిచి ఇల్లు చేరింది. వస్తూనే తల్లితో పిడుగులాంటి మాట అంది.

"యాడీ, నేనింక వాపస్ పోను. చదువు బంద్ జేసి నిన్ను చూసుకుంట."

"తల్లికాడ బిడ్డ ఉంటే తప్పేంది?" అన్నాడు తండ్రి ప్రేమ్‌సింగ్.

తుల్సీబాయి భర్త వైపు ఉరిమి చూసింది. "నా చెయ్యితోని దాని చదువు గూడ సావాల్నా?"

జమున సంచిలోంచి చిన్న డబ్బా తీసి, దాని తీగలను తల్లి కుడి ముంజేతికి అతికించింది. ఏడుపు సగంలో ఆగింది. కొత్త వస్తువు కనబడితే తుల్సీబాయికి చిన్నప్పటి నుంచీ ప్రాణం ఆగదు మరి!

"గిదేంది?"

"నీ మెదడు పంపే ఖబర్ కండ దాక వస్తే ఈ లైటు వెలుగుతది. చెయ్యి లేవకున్నా సరే. వేళ్లు చాపు యాడీ."

ఎంత తంటాలు పడినా లైటు వెలగలేదు. "చెప్పిన గద..." అని మొహం తిప్పుకుంది. అప్పుడు కంటపడ్డాయి, సంచిలో సగం కుట్టిన ఎర్రగుడ్డ, అద్దాలు! చదువుకున్న పిల్లకు తండా కుట్టంటే నామోషీ అనుకుందామె ఇన్నాళ్లూ...

"గిది గూడ చదువేనా?"

జమున సిగ్గుపడింది. "పని ముందుకు సాగనప్పుడు ల్యాబులనే కూసోని కుడుత. కాని ఒక్క అద్దమన్న నిలుస్తలేదు, జారిపోతది."

"ఏదీ, కుట్టు. జర చూస్త."

జమున గుడ్డ మీద అద్దం పెట్టి, సరాసరి దాని అంచు చుట్టూ కుట్టసాగింది.

"అయ్యయ్యో, గట్ల గాదే! ముందుగాల అద్దం మీద అడ్డం దారం, నిలువు దారం ఎయ్యాలె..." సూది లాక్కోవాలని ప్రాణమంతా లేచివచ్చింది తుల్సీబాయికి.

లైటు మిణుక్కుమంది!

ముగ్గురూ కొయ్యబారిపోయారు. చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. లైటు మాత్రం మరోసారి వెలిగి ఆరింది.

"గది... నేనేనా?"

"నువ్వే యాడీ! నా తప్పు కుట్టు దిద్దబోయినవ్ గద, గా ఖబర్ కండ దాక వచ్చింది!" అంది జమున. ప్రేమ్‌సింగ్ తువాలుతో కళ్లొత్తుకున్నాడు.

తుల్సీబాయి ఎడమచేత్తో ఆ డబ్బాను దగ్గరికి లాక్కుంది.

"బస్సులు నడిచిన్నాడు నువ్వు పోవాలె. డబ్బా నాకాడ ఉండనియ్యి. నా అసొంటోళ్లు ఎందరున్నరో... నువ్వు ఈడ కూసుంటే ఎట్ల?"

జమున తల్లి భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. తుల్సీబాయి ఎడమచేత్తో ఆ తల నిమిరింది. కళ్లు మాత్రం లైటు మీదే ఉన్నాయి.

"ఏడిసింది చాలు. ఆ దారం ఊడదీసి... మళ్ల తప్పు కుట్టు బిడ్డా."