సర్పంచి మెచ్చిన విలేకరి

ఉదయం ఏడు గంటలకు సరస్వతమ్మ ఇంట రెండు పనులు ఒక్కసారే సాగుతాయి. పెనం మీద జొన్నరొట్టె కాలుతుంది. టీవీలో రాత్రి సీరియల్ మళ్లీ వస్తుంది. అందులో విలేకరి పిల్ల ఎమ్మెల్యేను ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ఆ ఎమ్మెల్యే జవాబు మరిచి ఆమె ముఖమే చూస్తాడు.

“అడుగు తల్లీ, గట్టిగ అడుగు! మీ ఇద్దరికీ పెళ్లి కావాల్సిందే,” అంది సరస్వతమ్మ టీవీతో.

“అయితే నేనూ విలేకరినే చేసుకుంటా అమ్మా,” అంది కూతురు సుచరిత తలవంచుకుని. “గిద్దలూరు మహేష్‌ని.”

చొక్కా గుండీలు పెట్టుకుంటున్న తండ్రి పిచ్చయ్య చేయి ఆగిపోయింది. రాచర్ల దగ్గరి ఆ ఊరికి సుచరితే సర్పంచి. పదవి మహిళలకు కేటాయించారని మూడేళ్ల కిందట ఆమె చేత నామినేషన్ వేయించినవాడు పిచ్చయ్య. గెలిచిన నాటి నుంచి పంచాయతీ ఆఫీసులో ఆమె కుర్చీలో కూర్చుంటున్నవాడూ పిచ్చయ్యే. సుచరిత ఇంట్లోనే ఉండి, తండ్రి తెచ్చిన కాగితాలపై సంతకాలు పెడుతుంది. ఆ సంగతిని ఫొటోతో సహా పేపర్లో వేసినవాడు మహేష్.

“వాడా! నన్ను నలుగురిలో నగుబాటు చేసినోడు!”

“అబద్ధం రాసినాడా నాయనా?”

పిచ్చయ్య ఆ ప్రశ్నను దాటేశాడు. “వానికి కావాల్సింది నువ్వు కాదు పిచ్చిదానా, నీ పదవి. పెళ్లయిన మర్నాడే నిన్ను పొయ్యి కాడ కూర్చోబెడతాడు. వాడు పోయి నీ కుర్చీలో కూర్చుంటాడు. నీతో సంతకాలు పెట్టించుకుంటాడు. కన్నోణ్ణి, చూస్తా ఎట్ల ఊరకుంటా?”

సరస్వతమ్మ టీవీ ఆపేసింది. “ఇప్పుడు మాత్రం అది యాడ కూర్చోనుందయ్యా?” అంది మెల్లగా.

సుచరిత కళ్లలో నీళ్లు. పిచ్చయ్య చూపు నేలకు దిగింది. ఆయన మిగిలిన గుండీలు పెట్టుకున్నాడు.

“రమ్మను ఆ పిల్లోణ్ణి.”

గంటలో మహేష్ బైకు వాకిట ఆగింది. “నమస్తే మామా,” అన్నాడు భయంభయంగా.

“అప్పుడే మామనా?”

“ఊర్లో అందరినీ అట్లనే పిలుస్తా మామా.”

“సరేలే. పెళ్లయినాక దాని కుర్చీలో ఎవరు కూర్చుంటారు?”

“తనే. నేను ఎదురుగ నిలబడి, కాలనీకి నీళ్ల ట్యాంకరు ఎందుకు రాలేదని అడగాల గదా!”

“పెళ్లాం మీదనే వార్త రాస్తావా ఏంది?” అంది సరస్వతమ్మ.

“తప్పు చేస్తే రాస్తా అత్తా.”

“రాయి. ఆ పూట కూడు ఎవరు పెడతారో చూస్తా,” అంది సుచరిత కన్నీళ్లతోనే నవ్వుతూ.

పిచ్చయ్య కూడా నవ్వాడు; నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నాడు. “వాడు చేస్తాడని భయపడిందంతా నేనే చేసినా తల్లీ,” అన్నాడు. “పెళ్లి సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం. ముందు నువ్వు ఆఫీసుకు పో. ఒక్కదానివే పో.”

సుచరిత వీధి మలుపు తిరిగిందో లేదో, పొరుగింటి అంకన్న ఏదో కాగితం పట్టుకుని వచ్చాడు. “పిచ్చయ్యన్నా, సర్పంచి సంతకం ఒకటి కావాల.”

“సర్పంచి ఆఫీసులో ఉంది. ఆడికే పో,” అన్నాడు పిచ్చయ్య. మూడేళ్లుగా మోస్తున్నదేదో భుజం మీద నుంచి దిగినట్టు, అరుగు మీద హాయిగా వెనక్కి వాలాడు.