ఆపరేషన్ టచింగ్ తాత

"మీరింకా తిరిగి రాలేదు, కెప్టెన్. అర్థమైందా?"

లాండ్రీ వ్యాన్‌లో మురికి దుప్పట్ల మూటల మధ్య కూర్చుని, ముక్కులో చుక్కల మందు వేసుకుంటూ అన్నాడు బాస్. కెప్టెన్ రైలు దిగి పది నిమిషాలు కాలేదు. పెళ్ళైన పదకొండో రోజున యుద్ధానికి వెళ్ళిన మనిషి. మూడేళ్ళయింది. అందులో పద్నాలుగు నెలలు శత్రువుల ఖైదులోనే గడిచాయి. ఇప్పుడు ఇంటికి పరుగెత్తబోతుంటే స్టేషన్ గేటు దగ్గరే ఇద్దరు రెక్క పట్టుకుని ఈ వ్యాన్ ఎక్కించారు.

"యుద్ధం అయిపోయింది కదా సర్!"

"పేపర్లో అయిపోయింది. మీ క్యాంపులో ఖైదీల్ని విచారించిన ఆఫీసర్ని ఏమని పిలిచేవారు?"

కెప్టెన్ టక్కున చెప్పాడు. "పంతులు. గొంతు పెంచేవాడు కాదు. పాఠం చెబుతున్నట్టు అడిగేవాడు. ప్రతి ప్రశ్నకీ ముందు ఒక్క క్షణం ఆగేవాడు. మొహం చూడలేదు సర్, కళ్ళకు గంతలు."

"ఆ గొంతు విని ప్రాణాలతో బయటపడింది మీరొక్కరే. పంతులు ఈ ఊళ్ళో ఉన్నాడు. శుక్రవారం పన్నెండింటికి నాలుగు వేల మంది సైనికులతో ఓడ వస్తోంది. రేవు ముఖద్వారంలో నీళ్ళ కింద అతని ముఠా మైన్ పెట్టింది. ఎక్కడో తెలీదు. రేడియో ట్రిగ్గర్ పంతులు దగ్గరుంది."

"ఓడని ఆపేస్తే?"

"తరవాత వచ్చే ఇంకో ఓడని పేలుస్తాడు. మళ్ళీ యుద్ధం రావాలి, అంతే అతనికి కావలసింది. పని ముగించి దొంగ పాస్‌పోర్టుతో ఊరు దాటుతాడు. ఆ ముఠా పాస్‌పోర్టు ఫోటోలన్నీ ఒకే స్టూడియోలో తీయిస్తుంది." బాస్ చూపు తిప్పుకున్నాడు. "ఆ స్టూడియో మీ ఆవిడది."

"మా ఆవిడదా!"

"డబుల్ ఏజెంట్. వాళ్ళకీ పనిచేస్తోంది, మనకీ చేస్తోంది. మనసు ఎటుందో నేను చెప్పలేను. అందుకే మీరొచ్చినట్టు ఆవిడకు తెలియకూడదు."

రెండు గంటల్లో కెప్టెన్ ముసలివాడైపోయాడు. బుగ్గల్లో రబ్బరు, నెరిసిన మీసం, వంగిన నడుము. నెగటివ్‌ల మీద సన్నని పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు మాయం చేసే టచింగ్ ఉద్యోగం. జేబులో ఒక ఫౌంటెన్ పెన్. దాని మూత నొక్కితే రెండు నిమిషాల్లో లాండ్రీ వ్యాన్ వాలుతుంది.

"గొంతు విన్నాకే నొక్కాలి," అన్నాడు బాస్. "అనుమానం మీద కాదు."

స్టూడియోలో అడుగు పెట్టగానే భార్య ఎదురొచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వేళ్ళకు కెమికల్ మరకలు. మూడేళ్ళుగా అతను కళ్ళు మూసుకుని చూసుకున్న మొహం.

"రండి తాతగారూ. కళ్ళు బాగానే కనిపిస్తాయా?"

"అవసరానికి మించే కనిపిస్తాయమ్మా," అన్నాడు కెప్టెన్.

నిజంగానే కనిపించాయి. పదకొండింటికల్లా ఒక ఆరడుగుల విదేశీయుడు తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, పూలగుత్తి పట్టుకుని దిగాడు. ముఠా సమాచారం మోసేవాడతనే. స్టూడియోలో అందరూ అతన్ని గ్లవ్స్ అనే పిలుస్తారు. అతను గలగలా మాట్లాడుతుంటే ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ నవ్వు తనొక్కడికే తెలుసనుకుని కెప్టెన్ పద్నాలుగు నెలలు బతికాడు.

మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోడానికైనా ఆగని ఆ గొంతు పంతులుది కాదు. మొదటి రోజే తెలిసిపోయింది. సాయంత్రం బాస్ మనిషి బట్టల మూటతో వచ్చి, "మబ్బు పట్టిందా?" అని కోడ్‌లో అడిగాడు. గ్లవ్స్ గొంతు పంతులుదేనా అని దానర్థం. లేదు అనాలి. "ఇంకా తేలలేదు," అన్నాడు కెప్టెన్. రెండో రోజూ అదే మాట, మూడో రోజూ అదే.

ఈలోగా గ్లవ్స్ ఫోటో నెగటివ్ టచింగ్‌కి వచ్చింది. కెప్టెన్ ఏకాగ్రతతో రెండు గంటలు పనిచేశాడు.

"ఏంటిది తాతగారూ? కళ్ళ కింద ఈ సంచులేంటి? ఆయనకి పదేళ్ళు పెంచేశారే!"

"ఉన్నదే కదమ్మా కనబడుతోంది!"

ఆమె పెదవి కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం, పదకొండూ నలభై. ఎవరో బట్టతల పెద్దమనిషి పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి, చీటీ అందించి, ఒళ్ళో టోపీ పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. అంతలో గ్లవ్స్ వచ్చాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, "ఒక్క మాట, లోపలికి రండి," అంటూ డార్క్‌రూమ్‌లోకి తీసుకెళ్ళింది. తలుపు మూసుకుంది. గుమ్మం మీద ఎర్ర బల్బు వెలిగింది. లోపలి నుంచి ఇద్దరి నవ్వూ వినిపించింది.

కెప్టెన్ బొటనవేలు పెన్ను మూతను నొక్కేసింది.

రెండు నిమిషాల్లో ఆరుగురు మనుషులు కెప్టెన్ చూపించిన డార్క్‌రూమ్‌లోంచి గ్లవ్స్‌ని బయటికి ఈడ్చి, అతను అరుస్తున్నా వినకుండా వ్యాన్‌లో పడేసి వెళ్ళిపోయారు. ఆమె కొయ్యబారి నిలబడింది. కెప్టెన్‌కి కడుపులో చల్లగా ఉంది.

స్టూలు మీది మనిషి ఒక్క క్షణం ఆగాడు.

"ఇప్పుడైనా ఫోటో తీస్తారా, అమ్మా?"

మెత్తని గొంతు. పాఠం చెబుతున్న గొంతు. కెప్టెన్ పెన్ను మళ్ళీ నొక్కాడు. కానీ రావలసిన వ్యాన్ ఈపాటికి ఊరి అవతల ఉంటుంది.

మళ్ళీ ఆ విరామం. "పెద్దాయన చెయ్యి... ఎందుకలా వణుకుతోంది?"

టోపీ పక్కకు జరిగింది. కింద ఒక చేతిలో పిస్తోలు, రెండో చేతిలో సిగరెట్ పెట్టెంత నల్ల డబ్బా. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. డెక్ నిండా మనుషులతో, చేతులూపుతున్న మనుషులతో, ఓడ రేవు ముఖద్వారంలో తేలే ఎర్ర బోయా వైపు వస్తోంది.

"అది బోయా చేరేదాకా ఎవరూ కదలకండి," అన్నాడు పంతులు. "తరవాత నాకు ఫోటో కావాలి."

"ఇప్పుడే తీసేస్తాను సర్, మీకు ప్రయాణం ఆలస్యమవుతుంది," అంది ఆమె. ఫ్లాష్ పళ్ళెం ఎత్తి పట్టుకుంది. నిండా, కళ్ళు మిరుమిట్లు గొలిపేలా వెలిగే మెగ్నీషియం పొడి పోసి ఉంది. పక్కకైనా తిరగకుండా, రోజూ అనే మాటలాగే అంది.

"ఏవండీ, కళ్ళు మూసుకోండి!"

ఆ గొంతుతో ఆమె 'ఏవండీ' అనేది ప్రపంచంలో ఒక్క మనిషినే. కెప్టెన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఫోటో తీసేవాళ్ళు కళ్ళు తెరవమంటారు గానీ మూసుకోమంటారా? పంతులు అదే అడగబోయి, అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు.

తెల్లని మంట భగ్గుమంది. పిస్తోలు గుండు సీలింగులోకి పోయింది. కెప్టెన్ కెమెరా స్టాండుతో సహా అతని మీద పడ్డాడు. నల్ల డబ్బా నేల మీద దొర్లింది. పంతులు గుడ్డిగా తడుముతూ వేలు దాని మీటకు ఆనించేలోపు ఆమె లాక్కుని, డార్క్‌రూమ్‌లో ఫోటోలు కడిగే హైపో తొట్టెలో ముంచేసింది. డబ్బా బుడబుడమని ఊరుకుంది.

బయట ఓడ సైరన్ కూసింది. బోయా దాటింది.

పంతుల్ని కెమెరా నల్లగుడ్డతో కట్టేసి ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు. కెప్టెన్ మీసం సగం ఊడి వేలాడుతోంది.

"ఎప్పుడు కనిపెట్టావు?"

"మొదటి రోజే. తాతలెవరూ పరాయి ఆడది నవ్వితే అలా పళ్ళు నూరరు."

"మరి వాడితో ఆ నవ్వులేంటి?"

"గ్లవ్స్ ముఠాలో ఉన్న మన మనిషే. పంతులు మొహం అతనికీ తెలియదు, అందుకే నా వెంట పడ్డట్టు నటిస్తూ రోజూ వచ్చి కాపు కాసేవాడు. మా ఆయన వచ్చేశాడు, ఇక పూలు తేవద్దని చెప్పడానికే ఇవాళ లోపలికి తీసుకెళ్ళాను." ఆమె కళ్ళు నిండాయి. "మూడేళ్ళు మీరు ఉన్నారో లేదో తెలీకుండా బతికాను. మూడు రోజులు మీరు కుళ్ళుకుంటే కడుపు నిండింది. తప్పేనండీ."

కెప్టెన్ కిటికీ వైపు తిరిగాడు. రేవులో నాలుగు వేల మంది మెట్లు దిగుతున్నారు.

"నీది తప్పు కాదు. ఆ గొంతు కాదని తెలిసే నొక్కాను నేను. వాళ్ళందర్నీ చంపేసేవాణ్ణి."

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బాస్ దగ్గర కూడా కెప్టెన్ దాచలేదు. రిపోర్టులో 'గొంతు పోల్చడంలో పొరపాటు' అని టైపిస్టు కొట్టి తెస్తే, దాన్ని కొట్టేసి తన చేత్తో 'అసూయ' అని రాసి సంతకం పెట్టాడు. బాస్ ఆ కాగితం రెండుసార్లు చదివి, తుమ్మి, సొరుగులో పడేశాడు.

"గ్లవ్స్‌కి రెండు పళ్ళు ఊడాయి. నెల రోజులు సెలవు. ముఠాలో మిగిలినవాళ్ళు ఇంకా ఆ స్టూడియోకి వస్తారు. మీ ఆవిడ వెంట తిరగడానికి వేరే మనిషిని చూడాలి."

మర్నాడు పొద్దున్నే బాస్ బల్ల మీద ఒక అర్జీ ఉంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, కట్టుకున్న భార్యను వలలో వేసుకునే డ్యూటీకి తనను నియమించమని, పూర్వానుభవం పదకొండు రోజులని రాసిన అర్జీని బాస్ చూడటం అదే మొదటిసారి.