మా స్కోపులో లేదు

శవాన్ని బయటికి తీసేసరికి ఉదయం ఆరున్నర.

కండ్లకోయలో ఇంజనీరింగ్ కాలేజీ. హాస్టల్ వెనుక సెప్టిక్ ట్యాంకు. మూత పక్కకు జరిపి ఉంది. ఫైర్ వాళ్లు పైపు పట్టి శవాన్ని కడుగుతున్నారు.

చనిపోయినవాడు మోషే. కాలేజీ తోటమాలి.

ఎస్సై పద్మజ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది.

"మా మనిషి కాదు మేడమ్. ఔట్‌సోర్సింగ్" అన్నాడు చక్రపాణి, దగ్గరగా వంగి. కాలేజీకి ఆయన ఫెసిలిటీ మేనేజర్. ఊడ్చేవాళ్లనీ, వాచ్‌మెన్‌నీ, తోటమాలుల్నీ ఏ ఏజెన్సీ నుంచి తెచ్చుకోవాలో తేల్చేది ఆయనే. నున్నగా దువ్విన తల. కర్పూరం వాసన వేసే చల్లనూనె.

పద్మజ ఏజెన్సీ సూపర్‌వైజర్ సిద్దిరాములు వైపు తిరిగింది.

"మావోడే మేడమ్. కని మాది చెట్లు, ఊడ్పు. గంతే. ట్యాంకు మా స్కోపుల లేదు."

"మరెవరి స్కోపుల ఉంది?"

ట్యాంకు తోడే మెషిన్ కంపెనీ కాంట్రాక్టు పోయిన నెలతో అయిపోయిందట. కొత్త టెండరు ఇంకా తేలలేదట. అంటే ఆ ట్యాంకు ఎవరి స్కోపులోనూ లేదు. మనిషి మాత్రం అందులోనే దొరికాడు.

ఎలా పడ్డాడు? దానికి జవాబు ఇద్దరి దగ్గరా సిద్ధంగా ఉంది. తాగి ఉంటాడు. మూత సరిగా లేదు. మొక్కలకు నీళ్లు పడుతూ కాలు జారాడు. సాక్ష్యం కావాలా? అదిగో, గోరింట కంచె కింద క్వార్టర్ సీసా.

సీసా నిజంగానే ఉంది. పద్మజ దూరం నుంచే చూసి తలాడించింది. పది గంటలకు ఢిల్లీ నుంచి ఇన్‌స్పెక్షన్ టీమ్ వస్తోందని చక్రపాణి అప్పటికే మూడుసార్లు గుర్తుచేశాడు.

"మద్యం మత్తులో జారిపడి అని రాయి" అంది కానిస్టేబుల్ ఓదెలుతో, అందరూ వినేలా.

ఆ మాట మరియమ్మ కూడా వింది. మోషే భార్య. కుత్బుల్లాపూర్ నుంచి ఆటోలో అప్పుడే దిగింది. ఏడవలేదు. నేరుగా పద్మజ ముందుకొచ్చి నిలబడింది.

"తాగలే మేడమ్. పోయిన క్రిస్మస్‌కు చర్చిల నిలబడి ఒట్టేసి ఇడిసిపెట్టిండు. అందరి ముంగట. ఇప్పుడు తాగి సచ్చిండని రాస్తే నా పిల్లలు తాగుబోతోని పిల్లలైతరు. ఆయినకు ఉన్నదే గా పేరు."

ప్రతి భార్యా ఇలాగే చెబుతుందని పద్మజ మనసులో అనుకుంది. అనుకుని శవం వైపు తిరిగింది.

అప్పుడు చూసింది. పైపు నీళ్లు శవం ఒంటి మీద నిలవడం లేదు. చేమాకు మీదలా చుక్కలు కట్టి జారిపోతున్నాయి.

నూనె. మెడ నుంచి పాదాల దాకా.

పద్మజ పుట్టింది శామీర్‌పేటలో. చిన్నప్పుడు వాళ్ల గల్లీకి మరుగుదొడ్డి గుంత ఎత్తేందుకు మనుషులొచ్చేవాళ్లు. మురికి అంటకుండా దిగే ముందు ఒళ్లంతా నూనె రాసుకునేవాళ్లు. ముక్కు మూసుకుని పారిపోయిన పిల్లల్లో తనూ ఒకతె.

రుమాలు జేబులో పెట్టేసింది. కంచె దగ్గరికి వెళ్లింది. ఆకుపచ్చ యూనిఫాం చొక్కా మడత పెట్టి ఉంది. గాలికి ఎగరకుండా దాని మీద చెప్పులు. పక్కనే సీసా.

వంగి తీసింది. మూత చూసింది. లేబుల్ వాసన చూసింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

*

తొమ్మిదిన్నరకు ముగ్గురినీ చక్రపాణి గదికి పిలిపించింది. మరియమ్మను కుర్చీలో కూర్చోమంది. ఆమె నిలబడే ఉంది.

"జారి పడేటోడు చొక్కా మడత పెట్టడు. ఒళ్లంత నూనె రాసుకోడు. మోషే పడలేదు. దిగిండు. ఎవరో దింపిన్రు."

చక్రపాణి వాచీ చూసుకున్నాడు.

"దిగేటోనికి ఒంటికి నూనె ఇస్తరు. కంపు తెల్వకుండ మందు ఇస్తరు. గిది పాత రివాజు." సీసా బల్ల మీద పెట్టింది. "దీన్ని పొద్దుటి నుంచి అందరం చూసినం. మూత ఎవ్వలం చూడలే."

సీలు వేసింది వేసినట్టే ఉంది. సీసా నిండుగా ఉంది.

మోషే మందు తీసుకున్నాడు. వద్దంటే పెద్దసారు ఏమనుకుంటాడోనని తీసుకున్నాడు. ఒట్టు మాత్రం తప్పలేదు. నూనె చేతులతోనే సీసాను చొక్కా పక్కన పెట్టి, పూర్తి తెలివితోనే ఆ నరకంలోకి దిగాడు.

"లేబుల్‌కు నూనె అంటింది. కర్పూరం వాసన. మీ సొరుగు తియ్యండి చక్రపాణిగారూ."

ఆయన తియ్యలేదు. ఓదెలు తీశాడు. చల్లనూనె సీసా. అడుగున నాలుగు చుక్కలు మిగిలాయి.

చక్రపాణి తల దించుకున్నాడు. మాటలు ముక్కలుగా వచ్చాయి. టెండరు తేలలేదన్నది అబద్ధమట; కొటేషన్ తగ్గించాలని మెషిన్ పనిని కొత్త కాంట్రాక్టులోంచి తనే కొట్టేశాడట. మేనేజ్‌మెంట్ మీటింగులో చప్పట్లు కొట్టారట. నిన్న హాస్టల్ బాత్రూములు పొంగాయి. తెల్లారితే ఇన్‌స్పెక్షన్. సిద్దిరాములుకు ఫోన్ చేస్తే మా స్కోపులో లేదన్నాడు. తెల్లవారుజామున ఎదురుగా మోషే కనిపించాడు. దిగినవాడు ట్యాంకు గ్యాస్‌కు ఊపిరాడక మళ్లీ పైకి రాలేదట.

సిద్దిరాములు గోడ వైపు తిరిగాడు. ఆ ఫోన్ సంగతి పొద్దుటి నుంచి అతనూ చెప్పలేదు మరి.

మరియమ్మ మెల్లగా అడిగింది. "పోనని అన్లేదా సారూ మా ఆయిన?"

"అన్నడు."

"ఏమన్నడు?"

"చెట్లకు నీళ్లు పోసేటోన్ని, గది నా పని కాదు సార్ అన్నడు."

"మీరేమన్నరు?"



"స్కోపులు గీపులు పెద్దోళ్ల మాటలు, నీకెందుకురా అన్న."

పొద్దుటి నుంచి 'స్కోపు' అన్న ఆ మాటను అందరూ గొడుగులా వాడుకున్నారు. ఒక్క మోషేకే దాని కింద చోటు దొరకలేదు.

ఓదెలు రాసిన కాగితాన్ని పద్మజ తెప్పించుకుంది. 'మద్యం మత్తులో జారిపడి' అన్న ముక్కను తన చేత్తోనే కొట్టేసి పక్కన సంతకం పెట్టింది. చక్రపాణిని జీపెక్కించమంది.

మరియమ్మ కదల్లేదు. చూపు సీసా మీదే ఉంది.

"అది నాకియ్యుండ్రి మేడమ్. ఆదివారం చర్చిల చూపియ్యాలె."

"కేసుల సాక్ష్యం అమ్మా. ఇయ్యరాదు."

"అయితే మీరొచ్చి చెప్పుండ్రి. తాగిండని నలుగుర్ల అన్నది మీరే కద."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే పద్మజకు కాస్త తేలికగా ఉండేది.

"వస్త" అంది, తల ఎత్తకుండానే.