చెల్లెలని చెప్పని అక్క

ఆ రోజు పొద్దున ఆమె సెలూన్ తెరవలేదు. ఉతికిన తువ్వాళ్ళు ఆరేసి, మంచి బట్టలు కట్టుకుని, కూతుర్ని తొందరపెట్టింది.

"పద, పెద్దమ్మ ఇంటికి వెళ్ళొద్దాం."

"ఇప్పుడా? అన్నయ్యకి ఈసారి కూడా సీటు రాలేదు కదమ్మా. వాళ్ళసలే బాధలో ఉంటారు."

"అందుకే ఇప్పుడు."

కూతురికి ఈమధ్యే మెడికల్ కాలేజీలో సీటొచ్చింది, క్లాసులూ మొదలయ్యాయి. ఆమె మాత్రం ఈ రోజు కోసం ఏళ్ళ తరబడి కాచుక్కూర్చుంది. అక్క డాక్టరుగారి భార్య. ఒకసారి వాళ్ళింట్లో అతిథులెవరో "ఈవిడెవరు?" అని అడిగితే, "మా ఇంట్లో జుట్టు కత్తిరించడానికి వస్తుంటుంది" అని చెప్పి ఊరుకుంది అక్క. తోడబుట్టిన చెల్లెలనే మాట ఆవిడ నోటి వెంట రాలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి హాల్లో బావగారి స్నేహితులైన డాక్టరు దంపతులు టీ తాగుతున్నారు. అంతకంటే ఏం కావాలి అనుకుంది ఆమె. మిఠాయి డబ్బా తెరిచి ముందు వాళ్ళకే పెట్టింది.

"మా అమ్మాయికి మెడిసిన్‌లో సీటొచ్చిందండీ."

"చాలా సంతోషం. మీరు వీళ్ళకి ఏమవుతారు?" అడిగింది డాక్టరమ్మ.

అక్క ఏదో చెప్పబోయింది. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

"ఏమీ కానండి. వీళ్ళింట్లో జుట్టు కత్తిరించడానికి వస్తుంటాను." అక్క వైపు తిరిగింది. "ఇంతకీ మీ అబ్బాయికి వచ్చిందా, అమ్మగారూ?"

అక్క చేతిలోని కప్పు కింద పెట్టేసింది. "అవేం మాటలే... నా చెల్లెలండీ. నా సొంత చెల్లెలు." పై గదిలో ఎవరో తలుపు మెల్లగా మూసుకున్నారు.

వీధిలోకి వచ్చాక ఆమె నడకలో హుషారు ఆగలేదు. "చూశావా దాని మొహం? కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు."

కూతురు నవ్వలేదు. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"అమ్మా, కాలేజీలో మమ్మల్ని పరిచయం చేసుకోమన్నారు. ఒకడు బస్సు కండక్టరు కొడుకు. ఒకావిడ ఏళ్ళ తరబడి నర్సుగా చేసి, ఇద్దరు పిల్లలు పుట్టాక వచ్చింది. ఇంకొకడు చేపల మార్కెట్లో ఐసు మోస్తూ చదువుకున్నాడట. అందరూ ఉన్నదున్నట్టు చెప్పారు."

"నువ్వో?"

"మా అమ్మ ఏ పనీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుందని చెప్పాను. పక్కన డాక్టర్ల పిల్లలు కూర్చున్నారు. నోరు పెగల్లేదమ్మా."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. రోజంతా నిలబడి, కాళ్ళు వాచేలా పని చేసి చదివించింది ఇందుకా? తిట్టడానికి నోరు తెరిచింది. కానీ కూతురి కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ కన్నీళ్ళు తుడిచింది.

"ఏడవకు. రేపు వెళ్ళి నిజం చెప్పు, చాలు."

అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. కూతుర్ని క్షమించడానికి ఒక్క తిట్టు కూడా అవసరం పడలేదు. అక్క మీద మాత్రం ఇన్నేళ్ళు కత్తి నూరింది. పైగా ఆ కత్తి తగిలింది ఎవరికి? పిన్నీ పిన్నీ అంటూ వెంట తిరిగి పెరిగిన పిల్లాడికి.

వెనక్కి తిరిగి గబగబా నడిచింది. తలుపు తీసిన అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వాణ్ణి కిందికి పిలు. వాడికి నేను క్షమాపణ చెప్పుకోవాలి. నీతో తగువు తర్వాత."

అక్క ఆమె రెండు చేతులూ పట్టుకుని భోరుమంది. "ఎంతసేపు కావాలంటే అంతసేపు తిట్టవే. లోపలికి వచ్చి తిట్టు."