పద్నాలుగు కేజీల అబద్ధం

"మూడింటికి ఓడ షువైఖ్ రేవు వదులుతుంది. బొంబాయికి. లోపల పదకొండు వందల మంది మనవాళ్లు. ఏదో ఒక పెట్టెలో మూడింటికే పేలే టైంబాంబు. నెంబరు కావాలి. ఓవర్."

సిగరెట్ పెట్టెలోని రేడియో మూగబోయింది. 1982, జూలై. కువైట్.

ఏజెంట్ బుల్లిరాజు రిగ్గైలో గుడారాలు కుట్టే దుకాణంలో ఉన్నాడు. వేషం ఏసీ మెకానిక్‌ది. పక్కన నాదియా. హైదరాబాదులో పెరిగిన మనిషి. విదేశీ ముఠాకు సెక్రటరీ, మనకు వేగు. ఏ పూట ఎవరి మనిషో ఆమెకే తెలియాలి. ఆమె పక్కన నిలబడినంతసేపూ బుల్లిరాజు పొట్ట లోపలికి పీల్చుకునే ఉన్నాడు.

ప్లాన్ చిన్నది. రెండున్నరకి ముఠా మూడో అంతస్తు ఫ్లాట్‌లో కలుస్తుంది. డాబా మీదినుంచి గుడ్డ ఊయల వేలాడదీసి, వెనక కిటికీ కింద పడుకుని వినాలి. ఊయల పట్టీలు చొక్కా కింద నడుముకి చుట్టుకుని వెళ్లాలి. గేటు దగ్గర తడిమి చూస్తారు.

దుకాణం హుస్సేన్ పీరాది. కడప మనిషి, సంస్థకు నమ్మకస్తుడు. రెండు పట్టీల చుట్టలు ముందు పెట్టాడు.

"తాడొద్దు సార్. గోడ అంచుకి ఒరుసుకొని తెగుతాది. నవారు మాదిరి పట్టీ అయితే పరుచుకుంటాది. ఇది నైలాను. తేలిక. బరువెక్కువైతే సాగుతాది. ఇది పాలిస్టరు. రోంత మందం. సాగదు. మీరెన్ని కేజీలు?"

నాదియా తల తిప్పి చూసింది.

"డెబ్బై," అన్నాడు బుల్లిరాజు.

పీరా అతన్ని గుడారం గుడ్డను చూసినట్టు పైనుంచి కిందికి చూశాడు. "డెబ్బయ్యేనా?"

"నా బరువు నాకు తెలీదేంటయ్యా? నైలానే కొయ్యి."

"మళ్లా నన్నంటారు," అని గొణుగుతూ పీరా కత్తెర తీశాడు.

బుల్లిరాజు బరువు ఎనభై నాలుగు.

రెండున్నర. ఎండకి వీధంతా తలుపులేసుకుని నిద్రపోతోంది. ఊయలలో పడుకున్న బుల్లిరాజు చెవి కిటికీకి జానెడు కింద ఉంది. పది నిమిషాలకి మూరెడు కింద. మరో పదికి రెండు మూరలు. పైన మాటలు ఉత్త గొణుగుడయ్యాయి. కాళ్ల కింద రెండో అంతస్తు ఏసీ డబ్బా తగిలింది. పక్క కిటికీ తెరుచుకుంది.

"ఎవురు నువ్వు?" ఆ ఇంట్లో పనిచేసే రెడ్డెమ్మ.

"ఏసీ మెకానిక్‌నమ్మా."

"మంచం ఏసుకొని చేస్తారా రిపేరు?"

అబద్ధానికి టైము లేదు. "బొంబాయి ఓడలో బాంబుందమ్మా. ఈ డబ్బా మీద నిలబడితే పైవాళ్ల మాట వినపడద్ది."

ఆమె మొహం పాలిపోయింది. "మా యన్న నాగన్న దాంట్లోనే పోతాండాడు." వెంటనే, "డబ్బా బయటికి ఒరుగుతాది. లోపల్నించి నేను వేలాడి పట్టుకుంటా. ఎన్ని కేజీలు నువ్వు? డెబ్బయ్యైతే నేనొక్కదాన్నే చాలు. ఎక్కువైతే నాతోటి పనిచేసే గురమ్మను లేపల్ల."

పై కిటికీలో నాదియా ముఖం కనిపించింది. టైము రెండూ యాభై రెండు.

"ఎనభై నాలుగు," అన్నాడు బుల్లిరాజు. చెవులు కాలిపోయాయి.

"గురమ్మా, లెయ్!"

ఇద్దరాడవాళ్లు లోపల వేలాడారు. బుల్లిరాజు డబ్బా మీద నిలబడ్డాడు. పైన నాదియా లోపలికి తిరిగి ఎవరినో గట్టిగా అడిగింది. "బాక్స్ నెంబర్ త్రీ వన్ సెవెన్. కరెక్ట్?"

బుల్లిరాజు సిగరెట్ పెట్టెలోకి నెంబరు చెప్పాడు. రేవులో సంస్థ మనుషులు మూడు వందల పదిహేడో పెట్టె పగలగొట్టి తీగ కోసేసరికి మూడింటికి పదకొండు సెకన్లుంది.

సాయంత్రం రేడియోలో చీఫ్ పలికాడు. "వెల్‌డన్. పట్టీ సాగిందట. ఆ పీరా సరుకు పనికిరాదు. వీసా ఇచ్చిన కఫీల్‌తో చెప్పించి ఊరికి పంపేస్తున్నాం. ఖలాస్."

బుల్లిరాజు అన్నం పళ్లెం వదిలేసి లేచాడు. నేరుగా దుకాణానికి వెళ్లాడు. పీరా అప్పటికే సూదులు డబ్బాలో సర్దుకుంటున్నాడు.

"పీరా, నేను డెబ్బై కాదు."

"తెలుసు సార్. ఆయమ్మ ముందర ఎట్లంటానని ఊరుకున్న్యా."

బుల్లిరాజు అతని ముఖం చూడలేకపోయాడు. ఆ బల్ల మీదే రిపోర్టు రాశాడు. 'పట్టీ లోపం లేదు. ఏజెంటు బరువు పద్నాలుగు కేజీలు తగ్గించి చెప్పాడు. కారణం, ఒక స్త్రీ ఎదురుగా ఉండడం.' కింద సంతకం చేశాడు.

పీరా ఉద్యోగం నిలిచింది. రిపోర్టు మీద చీఫ్ 'టాప్ సీక్రెట్' ముద్ర కొట్టించాడు. సర్వీసులో బుల్లిరాజు ఇంకే ముద్రకీ అంతగా దండం పెట్టుకోలేదు.